పెద్ద స్క్రీన్, తక్కువ బరువు ఉన్న ల్యాప్‌టాప్ కొనాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

మా చుట్టాల్లో, ఆఫీసులో ఎవరు ల్యాప్‌టాప్ కొనాలన్నా ముందు నాకే ఫోన్ చేస్తారు. అడిగేది ఇంచుమించు ఒకటే: "స్క్రీన్ పెద్దగా ఉండాలి, మోయడానికి తేలిగ్గా ఉండాలి, గేమ్స్ ఏమీ ఆడను, రోజూ చేసుకునే పనులకు చాలు, ఏది కొనమంటావ్?" ఒక మోడల్ పేరు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం ఉండదు, ఎందుకంటే ఆరు నెలల్లో ఆ మోడల్ పోయి ఇంకోటి వస్తుంది. ఏం చూసి కొనాలో తెలిస్తే ఎప్పుడు కొన్నా మీరే ఎంచుకోగలరు. అందుకే ఇన్నాళ్లూ నన్ను అడిగిన ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి, నాకు తెలిసినంత వరకు జవాబులు రాశాను.

"తేలిక" అంటే ఎన్ని కిలోలు?

15, 16 అంగుళాల సైజులో మామూలు ల్యాప్‌టాప్ 1.6 నుంచి 1.9 కిలోల దాకా ఉంటుంది. 1.5 కిలోలు, అంతకంటే తక్కువ ఉంటే తేలిక అనొచ్చు. 1.3 లోపు ఉంటే చాలా తేలిక. గేమింగ్ ల్యాప్‌టాప్‌లు 2.2, 2.5 కిలోల దగ్గర ఉంటాయి, వాటి సంగతి ఇక్కడ వదిలేద్దాం.

అయితే మీ భుజం మోసేది ల్యాప్‌టాప్ ఒక్కదాన్నే కాదు, బ్యాగు మొత్తాన్ని. నా మొదటి ల్యాప్‌టాప్ 2.4 కిలోలు, దాని ఛార్జర్, లావుపాటి మూడు పిన్నుల వైరుతో కలిపి ఇంకో 600 గ్రాములు. రోజూ దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గం దాకా నిలబడి వెళ్లేవాడిని. నీళ్ల సీసా, లంచ్ బాక్స్ కలిపితే ఐదు కిలోలు దాటేది. ఏడాది తిరక్కుండానే కుడి భుజం నొప్పి మొదలైంది. అందుకే బరువు ఎంత అని అడిగినప్పుడు ఛార్జర్‌తో కలిపి ఎంత అని అడగమంటాను. టైప్-సి తో ఛార్జ్ అయ్యే మోడల్ తీసుకుంటే 65 వాట్ల చిన్న గాన్ ఛార్జర్ (చిన్న సైజులోనే ఎక్కువ పవర్ ఇచ్చే రకం) ఒకటి చాలు, అది 150 గ్రాముల లోపే ఉంటుంది, ఫోన్‌కి కూడా అదే వాడుకోవచ్చు. గుండ్రటి పిన్ను ఛార్జర్‌తో వచ్చే 1.6 కిలోల ల్యాప్‌టాప్ కంటే టైప్-సి ఉన్న 1.7 కిలోలదే బ్యాగులో తేలిగ్గా ఉండటం నేను చూశాను.

15.6 అంగుళాలకీ 16 అంగుళాలకీ అంత తేడా ఏముంటుంది?

అంకెల్లో చిన్నదే అనిపిస్తుంది, వాడుకలో చాలా ఉంది. అంగుళాలు కొలిచేది మూల నుంచి మూలకి. 15.6 అంగుళాల స్క్రీన్లు ఎక్కువగా 16:9 ఆకారంలో (వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 9 పాళ్లు) ఉంటాయి, అంటే సుమారు 34.5 సెంటీమీటర్ల వెడల్పు, 19.4 ఎత్తు. 16 అంగుళాలవి 16:10 ఆకారం, అదే 34.5 వెడల్పు, కానీ 21.5 ఎత్తు. వెడల్పు ఏమాత్రం పెరగకుండా నిలువున రెండు సెంటీమీటర్లు అదనంగా వచ్చాయి. వర్డ్‌లో, ఎక్సెల్‌లో, బ్రౌజర్‌లో మనం చదివేది పై నుంచి కిందికే కదా, ఆ రెండు సెంటీమీటర్లలో నాలుగైదు లైన్లు ఎక్కువ కనిపిస్తాయి. సినిమాలు మాత్రమే చూస్తానంటే 16:9 చాలు. పని చేసుకునేవాళ్లకి మాత్రం నేను 16:10 నే గట్టిగా చెప్తాను.

బ్యాగు సంగతి కూడా చూసుకోండి. పాత 15.6 బ్యాగులో 16 అంగుళాలది అడ్డంగా పడుతుంది, నిలువున బిగుతుగా ఉండొచ్చు. కొనేముందు టేపుతో కొలుచుకుంటే సరిపోతుంది.

ఒకే సైజు ల్యాప్‌టాప్ ఒకటి 1.9 కిలోలు, ఇంకోటి 1.2 కిలోలు ఎలా ఉంటుంది? ఆ 700 గ్రాములు ఎక్కడికి పోయాయి?

మిగతావన్నీ మరిచిపోయినా పర్వాలేదు, ఈ ఒక్క ప్రశ్న మాత్రం గుర్తు పెట్టుకోండి. దుకాణంలో ఏ ల్యాప్‌టాప్ చేతిలోకి తీసుకున్నా "ఇది తేలిగ్గా ఉందే" అనిపించగానే, ఏం తీసేసి తేలిక చేశారు అని ఆలోచించండి. బరువు ఊరికే తగ్గదు.

మంచి దారిలో తగ్గించేవాళ్లు లోహం మారుస్తారు. అల్యూమినియం సాంద్రత 2.7 అయితే మెగ్నీషియం 1.74 మాత్రమే, అంటే అదే మందం బాడీ మూడో వంతుకి పైగా తేలిక. ఎల్‌జీ గ్రామ్ సిరీస్‌ది ఎక్కువగా ఈ దారే. ఖర్చు ఎక్కువ, కానీ బ్యాటరీ తగ్గించాల్సిన పని లేదు. 2019లో వచ్చిన గ్రామ్ 17 అంగుళాల స్క్రీన్ పెట్టుకుని కూడా 1.35 కిలోల లోపే ఉంది, తర్వాతి మోడళ్లలో 80 వాట్ అవర్ (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే అంకె) బ్యాటరీ కూడా పెట్టారు.

రెండో దారి బ్యాటరీని కోయడం. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా జరిగేది ఇదే. 80 వాట్ అవర్ బదులు 40 పెడితే 150 నుంచి 200 గ్రాములు మిగులుతాయి, ఖర్చూ తగ్గుతుంది. బాక్స్ మీద బరువు పెద్ద అక్షరాలతో ఉంటుంది, బ్యాటరీ సైజు ఎక్కడో కింద ఉంటుంది. మా అక్క టీచరు, స్కూల్లో ప్రెజెంటేషన్లకి అని 1.55 కిలోల ల్యాప్‌టాప్ ఒకటి కొంది. తేలిగ్గా ఉందని ఎంతో సంతోషపడింది. 38 వాట్ అవర్ బ్యాటరీ అని ఇంటికి తెచ్చాక నేను చూశాను. ప్రొజెక్టర్‌కి కలిపి వాడితే మూడు గంటలు రావడం కష్టంగా ఉండేది, దాంతో ఛార్జర్ రోజూ మోయాల్సి వచ్చింది. తగ్గిందనుకున్న బరువు వేరే జేబులో అలాగే ఉంది.

ఇంకా, ఫ్యాను, వేడిని బయటికి పంపే రాగి గొట్టాలు చిన్నవి చేస్తారు. పోర్టులు తీసేస్తారు. స్పీకర్లు చిన్నవి పెడతారు. వీటిలో మీకు అక్కర్లేనివి పోతే నష్టం లేదు, అది లాభమే. మీకు రోజూ కావాల్సింది పోతే మాత్రం ఎంత తేలికైనా వద్దు.

మరీ సన్నగా ఉంటే విరిగిపోదా?

మెగ్నీషియం బాడీ కీబోర్డ్ మధ్యలో నొక్కితే కొంచెం లోపలికి వంగుతుంది, స్క్రీన్ మూల పట్టుకుంటే ఊగుతుంది. ఇది చూసి చాలామంది ప్లాస్టిక్ అనుకుంటారు. వంగడం వేరు, విరగడం వేరు.

నాకు నిజంగా భయం వేసేది హింజ్‌ల విషయంలో. పెద్ద స్క్రీన్ అంటే పెద్ద మూత, తెరిచిన ప్రతిసారీ రెండు చిన్న కీళ్ల మీద ఆ బరువంతా పడుతుంది. ఆ కీళ్ల స్క్రూలు ప్లాస్టిక్‌లో దిగి ఉంటే రెండు మూడేళ్లకి ఆ ప్లాస్టిక్ పగిలి మూత విడివడుతుంది. మా బావది అలాగే అయింది. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే "ఇది ఫిజికల్ డ్యామేజ్, వారంటీలో రాదు" అని పంపేశారు. ఆయన ఎప్పుడూ కింద పడేయలేదు, మూత ఒక మూల పట్టుకుని తెరిచే అలవాటు ఒక్కటే ఉండేది. దుకాణంలో ఉన్నప్పుడే మూతని మధ్యలో ఒక వేలితో ఎత్తి చూడండి. కింది భాగం పైకి లేవకుండా మూత సాఫీగా తెరుచుకుంటే హింజ్ బిగుతు సరిగ్గా ఉన్నట్టు. ఇంటికి తెచ్చాక కూడా ఎప్పుడూ మధ్యలోనే పట్టుకుని తెరవండి.

స్క్రీన్‌లో ఏమేం చూడాలి? తెలుగు చదవడానికి, టైప్ చేయడానికి కూడా బాగుండాలి.

ఇంగ్లిష్ సైట్లలో చెప్పే సలహాలు మనకి పూర్తిగా సరిపోవు. తెలుగు అక్షరానికి పైన గుడి, తలకట్టు, కింద వత్తు, పక్కన దీర్ఘం ఉంటాయి. "స్త్రీ", "రాష్ట్రం", "వాఙ్మయం" లాంటి మాటలు చిన్న సైజులో చూస్తే మసక స్క్రీన్ మీద వత్తు ఏదో గుర్తుపట్టడం కష్టం. అక్షరం ఎత్తు ఎక్కువ కాబట్టి లైన్ల మధ్య ఖాళీ కూడా ఎక్కువ కావాలి, అంటే ఒకే స్క్రీన్‌లో తెలుగు లైన్లు ఇంగ్లిష్ కంటే తక్కువ పడతాయి. 16:10 స్క్రీన్ మనకి ఇంకాస్త అవసరం అనడానికి కారణం ఇదే.

రిజల్యూషన్ కనీసం 1920×1200 ఉండాలి. 16 అంగుళాల మీద అది అంగుళానికి 141 చుక్కలు. 2560×1600 అయితే 189 చుక్కలు, తెలుగు వత్తుల అంచులు ఎంత తేటగా వస్తాయో పక్కపక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. రోజూ గంటల తరబడి తెలుగులో చదివేవాళ్లు, ప్రూఫులు దిద్దేవాళ్లు, కథలు రాసుకునేవాళ్లు ప్రాసెసర్ ఒక మెట్టు తగ్గించుకునైనా ఈ స్క్రీన్ తీసుకోవాలని నా అభిప్రాయం. 1366×768 అని రాసి ఉంటే దాని జోలికి పోకండి.

తర్వాత వెలుగు. నిట్స్ అనే అంకె ఉంటుంది. 250 నిట్స్ అంటే గదిలో లైటు కింద పర్వాలేదు, కిటికీ పక్కన కూర్చుంటే ముఖం కనిపిస్తుంది తప్ప అక్షరం కనిపించదు. 300 కనీసం, 400 ఉంటే హాయి. స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో కొలిచే లెక్కలు ఎన్‌టీఎస్‌సీ, ఎస్‌ఆర్‌జీబీ. "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని రాసి ఉంటే రంగులు వెలిసిపోయినట్టు ఉంటాయని అర్థం, పెళ్లి ఫొటోల్లో ఎర్ర చీర ఇటుక రంగులో కనిపిస్తుంది. "100 శాతం ఎస్‌ఆర్‌జీబీ" అని ఉంటే నిశ్చింతగా తీసుకోండి. వెలుగు తక్కువ, రంగులు తక్కువ ఉన్న ప్యానెల్ పెట్టడం కూడా ఖర్చు తగ్గించే పాత పద్ధతే, బయట నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

మెరిసే స్క్రీనా, మ్యాట్ స్క్రీనా అని కూడా అడుగుతారు. వెనక ట్యూబ్‌లైటు, కిటికీ ఉండే ఇళ్లల్లో మ్యాట్‌దే హాయి.

ఓలెడ్ స్క్రీన్ తీసుకోవచ్చా?

ఓలెడ్ అంటే వెనక లైటు లేకుండా ప్రతి చుక్కా తనే వెలిగే స్క్రీన్. సినిమాలకి, ఫొటోలకి చాలా బాగుంటుంది, నలుపు నిజంగా నల్లగా ఉంటుంది. నాకున్న అభ్యంతరాలు రెండు. తెల్లటి పేజీ మీద పొద్దంతా పని చేస్తే ఓలెడ్ కరెంటు ఎక్కువ తాగుతుంది, బ్యాటరీ తగ్గుతుంది. రెండోది, వెలుగు బాగా తగ్గించి వాడినప్పుడు చాలా మోడళ్లలో స్క్రీన్ కంటికి తెలియనంత వేగంగా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, దాంతో కొంతమందికి తలనొప్పి వస్తుంది. అందరికీ రాదు. మీకు ఓలెడ్ ఫోన్‌తో రాత్రిపూట ఇబ్బంది ఉంటే ల్యాప్‌టాప్‌లో ఐపీఎస్ (వెనక లైటు ఉండే ఎల్‌సీడీ రకం) తీసుకోండి. ఎప్పుడూ ఒకేచోట ఉండే టాస్క్‌బార్ ముద్ర పడిపోతుందేమో అని భయపడేవాళ్లు దాన్ని ఆటోమేటిగ్గా దాక్కునేలా పెట్టుకోవచ్చు.

ప్రాసెసర్ పేర్లు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. ఏది కొత్తది, ఏది పాతది?

టెన్షన్ పడకండి, రెండు మూడు గుర్తులు చాలు.

ఏఎండీ రైజన్ 7000, 8000 సిరీస్‌లలో నాలుగు అంకెలు ఉంటాయి, వాటిలో మూడో అంకె చూడండి. అది లోపలున్న డిజైన్ ఏ తరానిదో చెప్తుంది. ఆ డిజైన్లని ఏఎండీ జెన్ అంటుంది. 7520యు లో మూడో అంకె 2, అంటే జెన్ 2, అది 2019 నాటి డిజైన్. 7530యు అయితే జెన్ 3. 7640యు అయితే జెన్ 4. మొదటి అంకె 7 చూసి అన్నీ ఒకటే అనుకుంటారు, కాదు. అమ్మేవాళ్లు "రైజన్ 5, 7000 సిరీస్ సార్" అంటారు తప్ప ఆ మూడో అంకె గురించి చెప్పరు.

ఇంటెల్‌లో ఐ5-1235యు లాంటి పేరులో మొదటి రెండు అంకెలు తరం. 12వ తరం 2022 నాటిది, రోజువారీ పనులకి ఇప్పటికీ చాలు, ధర బాగా తగ్గితే తీసుకోవచ్చు. 2023 చివరి నుంచి కోర్ అల్ట్రా అనే కొత్త పేర్లు వచ్చాయి. వాటిలో పేరు చివర వి ఉన్నవి, అంటే 226వి, 258వి లాంటివి, కరెంటు చాలా తక్కువ తాగుతాయి. తేలికపాటి పెద్ద స్క్రీన్ ల్యాప్‌టాప్‌కి నాకు బాగా నచ్చినవి అవే. వీటిలో ర్యామ్ ప్రాసెసర్‌తోపాటే వస్తుంది, తర్వాత పెంచలేరు. చివరి అంకె 6 అయితే 16 జీబీ, 8 అయితే 32 జీబీ. పేరు చివర హెచ్‌ఎక్స్ ఉంటే అది గేమింగ్ రకం, వేడి ఎక్కువ, బరువు ఎక్కువ, మనకి అక్కర్లేదు.

8 జీబీ ర్యామ్ చాలదా?

చాలదు. ఇంతకుముందు చాలేది. ఇప్పుడు విండోస్ 11, బ్రౌజర్‌లో పది ట్యాబులు, వాట్సాప్, ఒక వీడియో కాల్ కలిపితే 8 జీబీ నిండిపోతుంది. తేలికపాటి మోడళ్లలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తున్నారు కాబట్టి తర్వాత వేసుకుందాంలే అనడానికి వీల్లేదు. 16 జీబీ తీసుకోండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, అందుకని కంపెనీలు మళ్లీ 8 జీబీవి ముందుకు తోస్తాయి. అలాంటప్పుడు ఖాళీ స్లాట్ ఉందా అని తప్పకుండా అడగండి. ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే డిస్క్) 512 జీబీ చాలు, అది చాలా మోడళ్లలో తర్వాత మార్చుకోవచ్చు.

బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో కొనకముందే ఎలా తెలుస్తుంది?

కంపెనీ చెప్పే "18 గంటలు" పక్కన పెట్టి వాట్ అవర్ అంకె వెతకండి. మామూలు పనికి, వెలుగు మధ్యస్థంగా పెట్టుకుంటే 16 అంగుళాల ల్యాప్‌టాప్ గంటకి సుమారు 7, 8 వాట్ అవర్లు తింటుంది అనుకోండి. 41 వాట్ అవర్ బ్యాటరీని 8 తో భాగిస్తే ఐదు గంటలు. 70 అయితే తొమ్మిదికి దగ్గర. వీడియో కాల్స్ ఎక్కువ ఉంటే ఇందులో మూడో వంతు తీసేయండి. పెద్ద స్క్రీన్ వెనక లైటు కూడా పెద్దదే కాబట్టి 14 అంగుళాలకి సరిపోయే బ్యాటరీ 16 అంగుళాలకి సరిపోదు. నా లెక్కలో 60 వాట్ అవర్ కనీసం.

ఎక్కువసేపు ప్లగ్‌లో పెట్టి వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకుంటే బ్యాటరీ ఎక్కువ ఏళ్లు ఉంటుంది. దాదాపు అన్ని కంపెనీల యాప్‌లలో ఈ ఆప్షన్ ఉంది. కరెంటు పోయే ఊళ్లలో ఉండేవాళ్లు మాత్రం 100 దగ్గరే ఉంచుకోండి, మీకు ఆ గంటా గంటన్నరే ముఖ్యం.

స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్‌లు తేలిగ్గా ఉన్నాయి, బ్యాటరీ కూడా బాగా వస్తుందంటున్నారు. కొనొచ్చా?

బ్రౌజర్, ఆఫీస్, వీడియోలు, జూమ్, ఇంతవరకే మీ పని అయితే బ్రహ్మాండంగా ఉంటాయి. కానీ ఇవి ఆర్మ్ రకం చిప్‌లు, అంటే ఇంటెల్, ఏఎండీల కంటే వేరే తరహావి, ఫోన్లలో ఉండే రకం. మామూలు విండోస్ ప్రోగ్రాములని చాలావరకు విండోస్ ఈ చిప్‌కి అర్థమయ్యేలా మార్చి నడుపుతుంది, డ్రైవర్లు (ప్రింటర్ లాంటి పరికరాలని నడిపే చిన్న ప్రోగ్రాములు) మాత్రం ఆర్మ్ కోసం ప్రత్యేకంగా రాసినవి ఉంటేనే పనిచేస్తాయి. జీఎస్‌టీ రిటర్న్‌లకి డిజిటల్ సంతకం టోకెన్ పెట్టేవాళ్లు, పాత ప్రింటర్ ఉన్నవాళ్లు, వేలిముద్ర మెషీన్ కలిపేవాళ్లు, అను స్క్రిప్ట్ లాంటి పాత తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్ మీద బతికే ప్రెస్ వాళ్లు, వీళ్లంతా తమ పరికరం ఆర్మ్ విండోస్‌లో నడుస్తుందని రుజువు దొరికాకే కొనాలి. లేకపోతే ఇంటెల్, ఏఎండీ తీసుకోవడమే క్షేమం. యూనికోడ్ తెలుగు టైపింగ్‌కి ఏ ఇబ్బందీ లేదు, ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ కీబోర్డులు విండోస్‌లోనే ఉన్నాయి, భాషల సెట్టింగ్‌లో తెలుగు చేర్చుకుంటే చాలు.

15 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్ ఎలా ఉంటుంది?

డబ్బు పెట్టగలిగితే, మీ సాఫ్ట్‌వేర్లన్నీ మ్యాక్‌లో ఉంటే, నాకు తెలిసినంతలో ఈ పనికి చాలా దగ్గరగా సరిపోయేది అదే. 2023 జూన్‌లో మొదటిసారి వచ్చింది. 15.3 అంగుళాల స్క్రీన్, 1.51 కిలోలు, 66.5 వాట్ అవర్ బ్యాటరీ, 500 నిట్స్ వెలుగు. 2024 అక్టోబర్ నుంచి కనీస ర్యామ్ 16 జీబీ చేశారు, కాబట్టి పాత 8 జీబీ స్టాక్ ఎవరైనా తగ్గింపులో అంటగడితే వద్దనండి. ఎం2 అయినా పర్వాలేదు, 16 జీబీ ఉంటే చాలు.

ఇందులో తీసేసింది ఏంటంటే ఫ్యాను. శబ్దం అసలు ఉండదు, మామూలు పనికి వేడి కూడా పెద్దగా ఉండదు. కానీ మే నెలలో ఏసీ లేని గదిలో 42 డిగ్రీల దగ్గర గంట సేపు వీడియో ఎడిటింగ్ చేస్తే నెమ్మదిస్తుంది. రెంటచింతలలో, రామగుండంలో ఉండే మిత్రులు ఇది గుర్తుంచుకోవాలి. ఇంకొకటి, పక్కన నంబర్ కీలు లేవు, హెచ్‌డీఎంఐ లేదు, రెండే టైప్-సి పోర్టులు.

నంబర్ ప్యాడ్ కావాలా?

ట్యాలీ, ఎక్సెల్, బ్యాంకు పని చేసేవాళ్లకి కావాలి, లేకపోతే చెయ్యి విరిగినట్టే ఉంటుంది. మిగతావాళ్లకి అది అడ్డం. నంబర్ ప్యాడ్ ఉంటే అక్షరాల కీలు ఎడమకి జరుగుతాయి, మీరు స్క్రీన్ మధ్యకి కాకుండా కాస్త పక్కకి కూర్చుని టైప్ చేయాల్సి వస్తుంది. రోజంతా రాసేవాళ్లకి మెడ దగ్గర తెలుస్తుంది. విడిగా యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ కూడా చవగ్గా దొరుకుతుంది.

17 అంగుళాలది 1.35 కిలోలే ఉంటే అదే కొనేయొచ్చుగా?

బరువు సమస్య కాదు, చోటు సమస్య. దాదాపు 38 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. మామూలు బ్యాక్‌ప్యాక్‌లో పట్టదు, విమానంలో ఎకానమీ సీటు ట్రే మీద ముందువాళ్లు సీటు వెనక్కి వాలిస్తే మూత తెరవలేరు, బస్సులో ఒళ్లో పెట్టుకోవడం కష్టం. ఇంట్లో గది నుంచి గదికి, ఊరికి కార్లో, ఇంతే తిరిగేవాళ్లకి మాత్రం చాలా మంచిది. కంటిచూపు తగ్గిన పెద్దవాళ్లకి నేను ఇదే చెప్తాను. మా నాన్నకి 16 అంగుళాలది తీసుకుని స్కేలింగ్ (స్క్రీన్ మీద అక్షరాల సైజు) 150 శాతం పెట్టాను, ఇప్పుడు పంచాంగం, పేపరు కళ్లజోడు సర్దుకోకుండానే చదువుతున్నారు. 17 అయితే ఇంకా బాగుండేది, అప్పట్లో నా దగ్గర అంత డబ్బు లేదు.

నా బడ్జెట్ యాభై వేలే. తేలిక, పెద్ద స్క్రీన్ రెండూ వస్తాయా?

పూర్తిగా రావు. 1.6 నుంచి 1.7 కిలోల మధ్య, 15.6 లేదా 16 అంగుళాలది వస్తుంది, అక్కడ ఆగిపోవడమే మంచిది. ఈ ధరలో 1.5 కంటే తక్కువ కోసం పట్టుబడితే బ్యాటరీయో స్క్రీనో చచ్చుది వస్తుంది. 16 జీబీ ర్యామ్, 300 నిట్స్, 50 వాట్ అవర్ దగ్గర బ్యాటరీ, టైప్-సి ఛార్జింగ్, ఈ నాలుగింట్లో మూడు దొరికితే తీసుకోండి. ఆగస్టు నుంచి దీపావళి దాకా ఆన్‌లైన్ సేల్స్‌లో ఐదారు వేలు తగ్గే అవకాశం ఉంటుంది కాబట్టి తొందర లేకపోతే ఆగండి.

వంద గ్రాముల కోసం పదివేలు ఎక్కువ పెట్టాలా అని కూడా కొందరు అడుగుతారు. రోజూ మెట్రోలో, బస్సులో మోసేవాళ్లయితే రెండు మూడు వందల గ్రాముల తేడాకి పెట్టొచ్చు. వారానికోసారి బయటికి తీసేవాళ్లు ఆ డబ్బు స్క్రీన్ మీద పెట్టండి.

14 అంగుళాలది కొని ఇంట్లో మానిటర్ పెట్టుకుంటే?

చాలామందికి నేను చివరికి ఇదే చెప్తాను. పనంతా ఒకే బల్ల దగ్గర చేసేవాళ్లకి 1.2, 1.3 కిలోల 14 అంగుళాల ల్యాప్‌టాప్, ఇంట్లో 24 అంగుళాల ఐపీఎస్ మానిటర్ పెట్టుకుంటే కంటికీ భుజానికీ రెండింటికీ సుఖం. సాదా మానిటర్ పదివేలకి అటూ ఇటూగా దొరుకుతుంది. కానీ మంచం మీద, వరండాలో, అమ్మగారింట్లో, ఎక్కడ పడితే అక్కడ కూర్చుని పని చేసేవాళ్లకి, రూమ్‌లో నలుగురితో ఉండే విద్యార్థులకి మానిటర్ కుదరదు, వాళ్లకి 16 అంగుళాలే నయం.

అమెరికాలో మా తమ్ముడు ఉన్నాడు, అక్కడి నుంచి తెప్పించుకోవచ్చా?

తెప్పించుకోవచ్చు. 18 ఏళ్లు నిండిన ప్రయాణికులు ఒక ల్యాప్‌టాప్‌ని కస్టమ్స్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఛార్జర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తాయి, పిన్ను మార్చుకుంటే చాలు. ఇక్కడ దొరకని తేలికపాటి మోడళ్లు అక్కడ దొరుకుతాయి, ఆ మాట నిజమే.

కానీ వారంటీ. కొన్ని కంపెనీలు ఏ దేశంలో కొన్నా చూస్తాయి, కొన్ని కొన్న దేశంలోనే చూస్తాయి, అదే కంపెనీలో కూడా మోడల్‌ని బట్టి మారుతుంది. ఇండియాలో అమ్మని మోడల్ అయితే వారంటీ ఉన్నా విడిభాగం రావడానికి వారాలు పట్టొచ్చు. కొనేముందే ఆ మోడల్ నంబర్ చెప్పి ఇక్కడి కస్టమర్ కేర్ నుంచి మెయిల్‌లో జవాబు రాయించుకోండి, ఫోన్‌లో చెప్పిన మాట తర్వాత పనికిరాదు. మన దగ్గర కొన్న విండోస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఎంఎస్ ఆఫీస్ కలిపి ఇస్తారు, అక్కడ ఎక్కువగా ఇవ్వరు, ధర పోల్చేటప్పుడు అది కూడా లెక్కలో వేసుకోవాలి.

చదువుకోవడానికి అక్కడికి వెళ్లే పిల్లల తల్లిదండ్రులకి ఇంకో మాట. ల్యాప్‌టాప్ చేతి బ్యాగులోనే పెట్టించండి. విమానంలో 100 వాట్ అవర్ లోపు బ్యాటరీకి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు, ఈ తరహా ల్యాప్‌టాప్‌లన్నీ దాని లోపే ఉంటాయి.

షాపులో కొనాలా, ఆన్‌లైన్‌లోనా?

ఎక్కడ కొన్నా, ముందు చేత్తో పట్టుకుని చూడండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ దుకాణాల సముదాయం ఉంది, అక్కడ ఒక్క పూటలో పది దుకాణాలు తిరగొచ్చు. మీ ఊళ్లో పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూమ్ ఉంటే అది కూడా చాలు. ల్యాప్‌టాప్‌ని మూసి ఒక చేత్తో మూల పట్టుకుని రెండు నిమిషాలు నిలబడండి, స్క్రీన్ వెలుగు పూర్తిగా పెంచి వీధి వైపు తిప్పి చూడండి, తెలుగు వార్తల సైటు ఒకటి తెరిచి మీ మామూలు దూరంలో కూర్చుని చదవండి. ఇవన్నీ స్పెసిఫికేషన్ల పట్టీలో దొరకవు.

బరువు విషయంలో చిన్న మెలిక ఉంది. కంపెనీలు "బరువు ఇంత నుంచి" అని రాస్తాయి, అది అన్నిటికంటే తేలికైన రకానికి. మీరు కొనే రకంలో పెద్ద బ్యాటరీయో, టచ్ స్క్రీనో ఉంటే వంద, రెండు వందల గ్రాములు పెరుగుతుంది. సూట్‌కేసులు తూచే చిన్న డిజిటల్ త్రాసు తీసుకెళ్తే, ఒక సంచిలో ల్యాప్‌టాప్, ఛార్జర్ రెండూ వేసి తూచేయొచ్చు. నేను అలాగే చేస్తాను, ఎవరూ వద్దనలేదు.

వారంటీ పెంచుకోవాలా?

తేలికపాటి ల్యాప్‌టాప్‌లో ర్యామ్, బోర్డు అన్నీ ఒకటే ముక్క కాబట్టి చిన్నది పోయినా పెద్ద బిల్లు వస్తుంది. కంపెనీ దగ్గరే మూడేళ్లకి పెంచుకోండి, ఇంటికి వచ్చి చేసే రకం అయితే ఇంకా మంచిది. జిల్లా కేంద్రానికి దూరంగా ఉండేవాళ్లకి ఇది చాలా అవసరం, ఎందుకంటే సర్వీస్ సెంటర్‌కి రెండుసార్లు తిరిగితే ఛార్జీలు, సెలవులు కలిపి వారంటీ డబ్బు కంటే ఎక్కువే అవుతాయి. కింద పడితే కూడా చూసే యాక్సిడెంటల్ ప్లాన్ విద్యార్థులకి తీసుకోండి.

డబ్బా తెరిచాక మొదటి వారం ఏం చూడాలి?

అన్‌బాక్సింగ్ వీడియో తీసుకోండి, ఆన్‌లైన్‌లో కొంటే ఇది తప్పనిసరి. స్క్రీన్ మొత్తం తెలుపు, తర్వాత మొత్తం నలుపు చేసి చచ్చిన చుక్కలు, అంచుల్లో కారుతున్న వెలుగు ఉన్నాయేమో చీకటి గదిలో చూడండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి బ్యాటరీ రిపోర్ట్ తీస్తే డిజైన్ కెపాసిటీ, ఇప్పుడున్న ఫుల్ ఛార్జ్ కెపాసిటీ రెండూ కనిపిస్తాయి, కొత్తదానిలో రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి. బాగా తేడా ఉంటే అది చాలాకాలం గోడౌన్‌లో పడి ఉన్నదో, ఎవరో వాడి తిరిగి ఇచ్చిందో అయి ఉండొచ్చు. మార్పిడికి ఇచ్చే గడువు ఏడు రోజులే ఉంటుంది చాలాచోట్ల, కాబట్టి ఆ వారమంతా మీ నిజమైన పనులన్నీ దాని మీదే చేయండి, బ్యాగులో వేసుకుని ఆఫీసుకో కాలేజీకో రోజూ తీసుకెళ్లండి, ఆ ఏడు రోజులు అయ్యేదాకా అట్టపెట్టె, థర్మాకోల్ పారేయకండి.